దువ్వెన మార్కు వెనక మనిషి

జనగామ, మానుకోట, భూపాలపల్లి. ఈ మూడు ఊళ్లను చూడాలని హైదరాబాదు నుంచి పనిగట్టుకుని వెళ్లేవాళ్లు తక్కువ. నేనూ చూడడానికి వెళ్లలేదు. ఒక ఫోటోను దాని ఇంటికి చేర్చడానికి వెళ్లాను. చేర్చవలసిన సమయానికి ఇరవై ఏళ్లకు పైగా ఆలస్యంగా వెళ్లాను. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు. ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీదే ఉన్నాయి. ఆ దారిలో చూసినవి, తిన్నవి, పడ్డ మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఆలస్యం మాత్రం నాది. దాన్ని సమ్మె మీదికి నెట్టను.

అట్టకు తిప్పిన ముఖం

ప్రయాణం కంటే ముందు కారణం చెప్పాలి. నేను పనిచేసేది పాత రికార్డులు భద్రపరిచే ప్రభుత్వ కార్యాలయంలో. అక్కడ జాగీరు కాగితాలు, కోర్టు తీర్పులు, ఫోటోలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే నాకు ఇష్టమైనవి ట్రేడ్ మార్కుల ఫైళ్లు. వెనకటి వ్యాపారులు తమ సరుకు గుర్తును నమోదు చేయించుకున్నప్పుడు ఇచ్చిన రంగుల కాగితాలు అవి. సబ్బు మీద నెమలి, బట్టల తాను మీద ఏనుగు, అగ్గిపెట్టె మీద గడియారం. చదువు రానివాళ్లు కూడా బొమ్మను చూసి సరుకు అడిగి కొనుక్కునేవారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటివి సేకరించడానికి నన్ను జిల్లాలకు పంపారు. జనగామలో ఒక బడిపంతులు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి పోగుచేసిన మూట ఒకటి ఇచ్చారు. కాపీలు తీసుకుని నెలలో తిరిగి పంపిస్తానన్నాను. ఏది ఎవరిదో రాసుకోలేదు.

ఆ మూటలో ఒక యువకుడి ఫోటో ఉంది. రొమ్ము మీదుగా అడ్డంగా చినిగింది. చినుగు నిలవడానికి వెనక ఒక బీడీ లేబుల్ అతికించారు. పచ్చ కాగితం మీద ఎర్ర దువ్వెన, కింద తెలుగులోనూ ఉర్దూలోనూ పేరు. దువ్వెన మార్కు లేబుల్ మా దగ్గర అంతకుముందు లేదు. నాకు సంబరమైంది. లేబుల్ పైకి కనబడేలా ఫోటోను బోర్లించి, నాలుగు మూలలా కాగితపు పట్టీలతో అట్టకు బిగించి, ట్రేడ్ మార్కుల ఫైలులో పెట్టాను. మనిషి ముఖాన్ని అట్టకు తిప్పి, దువ్వెనను భద్రపరిచాను. మా వృత్తిలో ఉన్నవాడు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు ఇది.

రెండేళ్ల తర్వాత ఒక ఆమె ఆఫీసుకు వచ్చింది. వెంట పెండ్లీడు కొడుకు. "మా ఆయన ఫోటో సారు. మాకు గదొక్కటే ఉండె. ఎనక బీడీ కాగితం అతికేసి ఉంటది. కొడుకు పెండ్లి ఉన్నది, పది రోజులల్ల గావాలె," అంది. ఫోటోల జాబితా తిరగేశాను. అందులో లేదు. కాని బీడీ కాగితం అనగానే నాకు ఆ అట్ట గుర్తొచ్చింది. ఫైలు పై అంతస్తులో ఉంది, తాళం ఇంకొకరి దగ్గర ఉంది, భోజనం వేళ అయింది. "రికార్డులో లేదమ్మా. దరఖాస్తు రాసి ఇవ్వండి, చూస్తాం," అన్నాను. ఆమెకు రాయడం రాదని తెలిసే అన్నాను. పెండ్లికి ఫోటో ఎందుకని కూడా అడగలేదు.

తర్వాత మరిచిపోయానని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ ఫైలు ఉన్న వరస వైపు పోవలసి వస్తే చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

ఈ సమ్మెలో మా ఉద్యోగుల శిబిరం దగ్గర చిన్న ప్రదర్శన పెట్టాలనుకున్నారు. అరవై తొమ్మిది ఉద్యమం ఫోటోలు, పాత కాగితాలు, తెలంగాణలో తయారైన సరుకుల గుర్తులు. వాటిని ఎంచుతూ మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి దువ్వెన మార్కు అట్టను ఎత్తింది. ఎండిన పట్టీలు ఊడిపోయి కాగితం తిరగబడింది. "సార్, దీని వెనక మనిషి ఉన్నాడు!" అని అరిచింది.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. అసలు ఫోటోను బయటికి తీసుకుపోవడం నిబంధనలకు విరుద్ధం. ఫైలులో నా పేరు రాసి, సంతకం చేసి, తీసుకుపోయాను.

జనగామ

ప్యాసింజరు రైలు దిగేసరికి ఊరంతా బందు. స్టేషను బయట ఒక హోటలు షట్టరు మోకాలెత్తు వరకే లేచి ఉంది. వంగి లోపలికి దూరితే పదిమంది చాయ్ తాగుతున్నారు. మామూలుగా నాలుగు రూపాయలట, నా దగ్గర ఐదు తీసుకున్నాడు.

"రూపాయి ఎక్కువెందుకు?" అని అడిగాను.

"షట్టర్ లేపుడు, దించుడు ఉత్తగనే అయితదా సారు? గిది బందు చాయ్," అన్నాడు హోటలాయన. అందరూ నవ్వారు.

లేబుల్ చూపించి, ఈ బీడీల కార్ఖానా ఎక్కడుండేదని అడిగాను. అది మూతపడి చాలా కాలమైందన్నాడు. వెనక సందులో కనకమ్మ అనే ముసలామె ఉంటుందని, ఆమె ఆ కార్ఖానాలో బీడీలు చుట్టిందని చెప్పాడు.

కనకమ్మ గడపలో కూర్చుని చేట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. చూపు నా మీద పెట్టింది కాని చేతులు ఆగలేదు. "పింఛను సారువా?" అంది. కాదన్నాను. "అయితె కూసో," అంది.

లేబుల్ ముందుకు పెట్టగానే పకపకా నవ్వింది. "దువ్వెన మార్కు! మా శేటుకు నెత్తి మీద ఒక్క ఎంటికె లేకుండె సారూ. గాయనకు దువ్వెన మార్కు! మేమందరం చాటుకు నవ్వేటోళ్లం."

ఫోటోను తిప్పాను. నవ్వు ఆగిపోయింది. కత్తెర కింద పెట్టింది.

"సోమనర్సయ్య," అంది. "నా పక్కపొంటే కూసుంటుండె. చెయ్యి మస్తు తేలిక. అరవై తొమ్మిదిల పట్నంల జులూసని పోయిండు. కాల్పులల్ల పోయిండన్నరు. పీనుగును గూడ ఇంటికి తీసుకరాలె. గిది నీకెట్ల దొరికింది?"

చెప్పాను. అంతా చెప్పలేదు. ఆఫీసులో దొరికిందని మాత్రం అన్నాను. మొదటి రోజు నాకు అంతవరకే ధైర్యం వచ్చింది.

"ఆయన పెండ్లం లచ్చమ్మ. పసిపిలగాన్ని సంకనేసుకొని తల్లిగారింటికి పోయింది. దంతాలపల్లి. అన్న ఉంటడు గాడ, ఎల్లయ్య," అంది. లేవబోతుంటే చెయ్యి పట్టి ఆపి, పళ్లెంలో సర్వపిండి ముక్క పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకు ఒత్తి కాల్చింది. మా అమ్మ దీన్ని గిన్నప్ప అనేది. హన్మకొండ పక్క ఊరు మాది. హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక ఆఫీసులో నవ్వుతారని నేను మా మాటలు ఒక్కొక్కటే వదిలేశాను. మా పిల్లలకు గిన్నప్ప అంటే తెలియదు.

మానుకోట దారి

మహబూబాబాదును ఈ వైపు ఇప్పటికీ మానుకోట అంటారు. మర్నాడు కాజీపేటలో రైలు మారి అక్కడ దిగాను. మార్కెట్టు మూసి ఉన్నా మిరపకాయల ఘాటు గాలిలో ఉంది. దంతాలపల్లికి ఆటో మనిషికి నలభై అన్నాడు. ముందు సీటులో నలుగురం, వెనక ఎంతమందిమో లెక్క లేదు. నా పక్కన ఒక లంబాడీ అవ్వ కూర్చుంది. తండాకు పోతోంది. కోడలితో వాళ్ల భాషలో మాట్లాడుతూ, ఆటో డ్రైవరును మాత్రం తెలుగులో తిడుతోంది.

దారిలో ఒక చోట రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. వంటావార్పు. ఆటోలు, ట్రాక్టర్లు అన్నీ ఆగిపోయాయి. ఆపినవాళ్లే విస్తరి వేసి తినమన్నారు. వేడి అన్నం, పప్పుచారు, మాడిన వంకాయ కూర. అడ్డగించినవాడు అన్నం పెట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు. మా శిబిరంలో కూడా వంటావార్పు చేశాం కాని అది ఆఫీసు ఆవరణలో, కుర్చీల మీద.

"నాకు కొంచెం చాలండి, మజ్జిగ ఉంటే ఇవ్వండి," అన్నాను.

వడ్డిస్తున్న యువకుడు గరిటె ఆపాడు. "సారుది ఏ జిల్లా? మాట అటుదిక్కుది లెక్కుంది."

"హన్మకొండే," అన్నాను.

"మరి గట్ల మాట్లాడుతున్నవేంది?"

లంబాడీ అవ్వ అన్నం కలుపుతూ అంది, "నేను ఇంట్ల మా భాష మాట్లాడుత, బయట తెలుగు మాట్లాడుత. ఈ సారుకు ఇంట్ల గూడ బయటి భాషనే ఉన్నట్టుంది."

చుట్టూ నవ్వారు. యువకుడు కూడా నవ్వి మజ్జిగ పోశాడు. నేను నవ్వలేకపోయాను. లచ్చమ్మ మా ఆఫీసుకు వచ్చిన రోజు ఆమె మాట అచ్చం మా అమ్మ మాటలాగే ఉంది. నేను ఆమెతో పుస్తకం భాషలో మాట్లాడాను. బల్లకు అవతల నిలబెట్టడానికి అంతకంటే మంచి సాధనం లేదు.

దంతాలపల్లి

ఎల్లయ్య డెబ్బై దాటిన రైతు. మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి, తర్వాత పని అడిగాడు. లచ్చమ్మకు ఫోటో ఇవ్వడానికి వచ్చానని చెప్పగానే ముఖం తిప్పుకున్నాడు.

"ఆ ఫోటో ముచ్చట నా ముంగట తియ్యకు."

"ఎందుకు పెద్దాయనా?"

"గది ఆమెనే చెప్తది. నేను చెప్పేది గాదు." "కొడుకు పెండ్లయినంక మహదేవపూర్ దిక్కు పోయిన్రు. అడివి ఊరు. తునికాకు కల్లంల పని. వాడు ఆకు లారీల మీద పోతుండె. నేను వద్దన్న, ఇనలె."

జనగామ కార్ఖానాలో బీడీలు చుట్టిన తునికాకు వచ్చేది ఆ అడవి నుంచే. భర్త చేతిలోకి వచ్చిన ఆకును వెతుక్కుంటూ ఆమె దాని మొదటికి పోయినట్టనిపించింది.

ఊరి పేరు చెప్పి, నేను లేస్తుంటే ఎల్లయ్య అన్నాడు, "పో. గని పోయినంక తొందరపడి ఎనుకకు రాకు. ఏమన్న అంటే పడు."

తప్పు నాదని నేను ఆయనకు చెప్పలేదు. నా ముఖం చెప్పి ఉంటుంది.

భూపాలపల్లి

వరంగల్ దాకా రైలు, అక్కడి నుంచి జీపు. పరకాల దాటాక వాన పట్టుకుంది. భూపాలపల్లి చేరేసరికి సాయంత్రం. బొగ్గు గనుల ఊరు. గనులు బందు. రోడ్డు పక్క నీళ్లు కూడా నల్లగా ఉన్నాయి. లాడ్జి గది నూట ఇరవై, దుప్పటి కావాలంటే ఇంకో పది. గనిలో పనిచేసే ఒకాయన వరండాలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ముప్పై ఏండ్లసంది సైరన్ కూతకే లేస్తున్న. ఇప్పుడది కూస్తలేదు. పొద్దెక్కినా మెలకువ వస్తలేదు," అన్నాడు. "జీతం లేదు, నిద్ర మాత్రం మస్తుగున్నది."

పొద్దున మహదేవపూర్ జీపు ఎక్కాను. ఫోటోను రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాను. దారికి రెండు వైపులా అడవి, మధ్య మధ్య వరి మడులు. ఎల్లయ్య చెప్పిన ఊరికి జీపు పోదు. రోడ్డు మీద దింపారు. రెండు మైళ్లు నడక. బురదలో చెప్పు తెగింది. కాసేపు ఒంటి చెప్పుతో కుంటుకుంటూ పోయి, రెండోది కూడా విడిచేసి నడిచాను. ఆ ఇంటి ముందుకు మోకాళ్ల దాకా బురదతో, వట్టి కాళ్లతో చేరాను.

గోడ మీది ఫోటో

వాకిట్లో నలభై ఏళ్ల ఆమె మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. లచ్చమ్మ కోడలు సరోజన. అత్త మేకల దగ్గరికి పోయిందని, కాళ్లు కడుక్కుని కూర్చోమని అంది. ఆఫీసు పని మీద వచ్చానన్నాను.

లోపల గోడకు ఒక ఫోటో ఉంది. తెల్ల చొక్కా, దువ్విన మీసం, మెడలో రంగు వెలిసిన ప్లాస్టిక్ దండ. నా చొక్కా లోపలున్న ముఖం కాదది.

"ఆ ఫోటో ఎవరిదమ్మా?"

"మామది. మా ఆయనది గూడ అదే," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె కంకులు పక్కకు పెట్టింది.

"మా పెండ్లప్పటి ముచ్చట సారు. తండ్రి లేని పిలగాడు గద. పెండ్లిల తండ్రి ఫోటో ముంగట పెట్టి మొక్కాలె. పట్నంల ఎవలో సారు లేదన్నడట. అత్త పరేషాన్ అయింది. 'నీ అయ్య అచ్చం నీ లెక్కనే ఉండె' అని మా ఆయనకు తెల్లంగి తొడిగి, మీసం దువ్వి, ఫోటో దింపిచ్చింది. దానికే దండ ఏసింది. మేమిద్దరం దానికే మొక్కినం. మా ఆయనకు నవ్వు ఆగుతలేదు. 'నాకు నేనే మొక్కుకుంటున్ననే' అని నా చెవుల అన్నడు."

వాన చినుకులు పెంకుల మీద పడుతున్నాయి.

"రెండేండ్లకు ఆకు లారీ బోల్తా పడ్డది. మా ఆయన గా లారీ మీదనే ఉన్నడు, పానం పోయింది. అప్పటిసంది అత్తది ఒక్కటే మాట. బతికున్న కొడుక్కు నా చేతులతోని దండ ఏసిన అని."

దండ వేస్తే మనిషి పోడని నాకు తెలుసు. చదువుకున్నవాణ్ణి. ఆ గోడ ఎదురుగా కూర్చుని ఆ మాట అనలేకపోయాను.

లచ్చమ్మ వచ్చింది. చేతిలో కర్ర, నెత్తిన గొంగడి. నేను లేచి నిలబడ్డాను.

"ఎవలు బిడ్డా?"

"రికార్డుల ఆఫీసు నుంచి వచ్చానమ్మా. మీ ఆయన ఫోటో లేదన్నది నేనే," అని సంచి విప్పి ఇచ్చాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. ఫోటోను ముందు వెనకకు తిప్పి చూసింది. దువ్వెన మీద వేలు పెట్టింది.

"గిది ఆయన అతికేసిందే. పట్నం పోతనంటే కోపమొచ్చి నేనే చింపిన. ఆయన నవ్వుకుంట అన్నం మెతుకులతోని అతికేసిండు. 'వచ్చేదాంక గట్టిగుంటది' అన్నడు."

తర్వాత ముఖం వైపు తిప్పింది. చాలాసేపు చూసింది. కళ్లు గోడ మీదికి పోయాయి, మళ్లీ చేతిలోకి వచ్చాయి.

"నా కొడుకు రాజేందర్ లెక్క లేడు," అంది కోడలితో. "చూడు, ముక్కే వేరు. నేనే మర్చిపోయిన బిడ్డా. ఇన్నేండ్లు కొడుకు ముఖమే ఈయన ముఖమనుకున్న."

సరోజన నా వైపు తిరిగింది. "నువ్వు గా దినమే ఎతికిచ్చి ఉంటే..."

"ఊకో," అంది లచ్చమ్మ. నన్ను చూసి అడిగింది, "ఉన్నదని నీకు గప్పుడు ఎరికేనా?"

తెలియదని అనవచ్చు. ఇరవై ఏళ్ల మాట, ఎవరూ కాదనరు. మూడు రోజులు దారి పొడుగునా ఆ జవాబును నేను సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను.

"ఎరికే, అవ్వా," అన్నాను.

ఆమె తల ఊపింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. లోపలికి పోయి పళ్లెంలో అన్నం, చింతకాయ తొక్కు తెచ్చి నా ముందు పెట్టింది.

"తిను. దూరం నడిచి ఇంటికొచ్చినోన్ని ఆకలితోని పంపం. గంతే. మాఫ్ చేసిన అనుకోకు."

తిన్నాను. ఎల్లయ్య చెప్పినట్టు తొందరపడి లేవలేదు. వాన తగ్గేదాకా అక్కడే కూర్చున్నాను. ఆమె ఫోటోను గోడకు పెట్టలేదు. సందుగలో చీరల మడతల మధ్య పెట్టి మూత వేసింది. గోడ మీది దండ అలాగే ఉంది. "ఇగ గది వట్టి కొడుకుదే," అని మాత్రం అంది.

సెలవు తీసుకునేటప్పుడు ప్రదర్శన సంగతి చెప్పాను. అరవై తొమ్మిదిలో పోయినవాళ్ల ఫోటోలు పెడుతున్నామని, పది రోజులు ఇస్తే నేనే స్వయంగా తిరిగి తెస్తానని అన్నాను. అంటున్నప్పుడే నా మాట నాకే ఎలా వినిపించిందో రాయలేను.

"ఇయ్య," అంది లచ్చమ్మ. "పేరు రాసుకో. సోమనర్సయ్య. జనగామల బీడీలు చేస్తుండె. తెలంగాణ గావాలెనని పోయిండు. ఫోటో మాత్రం ఇయ్య."

తిరిగి వచ్చాక

ఆఫీసులో సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. ఇంకా జవాబు రాలేదు.

ప్రదర్శనలో ఒక చోట ఖాళీ చట్రం పెట్టాం. అందులో తెల్ల కాగితం. కింద ఆమె చెప్పిన మూడు మాటలు, ఆమె చెప్పినట్టే. జనం ఫోటోలన్నీ చూసుకుంటూ వచ్చి అక్కడ ఆగేవారు. ఒక రోజు ఒక పెద్దాయన నా భుజం తట్టి, "ఈయన ఫోటో దొరకలేదా సారు?" అని అడిగాడు.

"దొరికింది," అన్నాను. "ఇంటికి వోయింది."